పేగు బాక్టీరియా, ఎముకల ఆరోగ్యం

మానవుని జీర్ణనాళంలో, ముఖ్యంగా పెద్దపేగులో, నివసించే సూక్ష్మజీవుల సముదాయాన్ని వాడుకగా పేగు బాక్టీరియా అంటారు. ఇవి ఆహారం జీర్ణం కావడానికి తోడ్పడతాయన్న సంగతి చాలాకాలంగా తెలిసినదే. ఎముకల గట్టిదనం మీద, వయసు మీరినవారిని బాధించే ఆస్టియోపొరోసిస్ అనే వ్యాధి మీద కూడా వీటి ప్రభావం ఉన్నదని 2012 తరువాత జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి. పేగు సూక్ష్మజీవులకూ ఎముకకూ గల సంబంధాన్ని అధ్యయనం చేసే శాఖకు ఆస్టియోమైక్రోబయాలజీ అని పేరు. తెలుగులో దీనిని ఎముక సూక్ష్మజీవశాస్త్రం అనవచ్చు. ఈ సంబంధం ఎలుకలలో బలంగా కనబడింది. మనుషులలో ఇంతవరకు దొరికిన ఫలితాలు చిన్నవి, కొన్ని ఒకదానికొకటి పొసగనివి. అందువలన మందుల దుకాణాలలో అమ్మే ప్రోబయాటిక్ గుళికలను ఆస్టియోపొరోసిస్ మందులకు ప్రత్యామ్నాయంగా భావించరాదు.

ఎముక నిరంతరం మారే కణజాలం

ఎముక చూడటానికి రాయివలె ఉన్నా, అది ప్రాణమున్న కణజాలం. పాత ఇంటి గోడలో పెళుసుబారిన ఇటుకలను తీసివేసి కొత్తవి పెట్టినట్లు, శరీరం ఎముకను ఎప్పటికప్పుడు కొంచెం కొంచెంగా కరిగించి మళ్ళీ కడుతూ ఉంటుంది. పెద్దవారి అస్థిపంజరంలో సుమారు పదవ వంతు ఏటా ఈ విధంగా కొత్తదవుతుంది. ఎముకను కరిగించే కణాలను ఆస్టియోక్లాస్టులు అనీ, కట్టే కణాలను ఆస్టియోబ్లాస్టులు అనీ అంటారు. ఈ రెండు పనులూ సమంగా సాగినంతకాలం ఎముక బరువు నిలకడగా ఉంటుంది.

శరీరంలోని కాల్షియంలో 99 శాతం, అంటే ఇంచుమించు ఒక కిలో, ఎముకలలోనూ దంతాలలోనూ ఉంటుంది. మిగిలిన కొద్దిపాటి కాల్షియం రక్తంలోనూ కణాలలోనూ ఉండి గుండె కొట్టుకోవడానికి, కండరాలు పనిచేయడానికి, రక్తం గడ్డకట్టడానికి పనికివస్తుంది. ఈ కొద్దిపాటి భాగం తగ్గితే ప్రాణానికే ముప్పు. కాబట్టి తిండి ద్వారా చాలినంత కాల్షియం అందనప్పుడు శరీరం ఎముక అనే ఖజానా నుండి తీసి వాడుకుంటుంది.

ముప్పై ఏళ్ళు వచ్చేసరికి ఎముక బరువు గరిష్ఠ స్థాయికి చేరుకుంటుంది. ఆ తరువాత కరిగే పని కట్టే పనిని మెల్లగా మించిపోతుంది. స్త్రీలలో బహిష్టులు ఆగిపోయిన తరువాత ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోవడం వలన కొన్ని సంవత్సరాలపాటు ఈ నష్టం వేగంగా జరుగుతుంది. ఎముక లోపలి భాగం గుల్లబారి, చిన్న దెబ్బకే విరిగే స్థితిని ఆస్టియోపొరోసిస్ అంటారు. ఆరోగ్యవంతులైన యువతుల సగటు ఎముక సాంద్రతతో పోల్చి, అంతకంటే 2.5 ప్రామాణిక విచలనాలు లేదా ఆపైన తక్కువ ఉంటే దానిని ఆస్టియోపొరోసిస్‌గా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించింది.

ఎముక విరిగేదాకా ఈ వ్యాధికి సాధారణంగా నొప్పి ఉండదు. స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగిన తరువాతనే చాలామందికి ఇది ఉన్నట్లు తెలుస్తుంది. వృద్ధాప్యంలో తుంటి విరగడం చిన్న విషయం కాదు. అలా విరిగినవారిలో సుమారు ఐదవ వంతు మంది ఏడాదిలోపే మరణిస్తారని పలు దేశాల లెక్కలు చెబుతున్నాయి. బ్రతికినవారిలో అనేకులు మునుపటివలె సొంతంగా నడవలేరు.

పేగులోని నివాసులు

ఒక మనిషి శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో ప్రచురితమైన ఒక అంచనా. మనిషి సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. మన కణాలకంటే బాక్టీరియా పది రెట్లు ఎక్కువ అని పాత పుస్తకాలలో కనబడే మాట సరైనది కాదని ఆ అంచనాతో తేలింది. సంఖ్యలో ఇంచుమించు సమానమే అయినా, బాక్టీరియా చాలా చిన్నవి కాబట్టి వీటి మొత్తం బరువు 200 గ్రాములకు మించదు. వీటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది.

మనం తినే ఆహారంలోని పీచుపదార్థాలను మన ఎంజైములు జీర్ణం చేయలేవు. అవి చిన్నపేగును దాటి పెద్దపేగుకు చేరుకున్నాక అక్కడి బాక్టీరియా వాటిని పులియబెడతాయి. అప్పుడు ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే మూడు చిన్న ఆమ్లాలు ప్రధానంగా తయారవుతాయి. మొదటిది వినెగర్‌లో ఉండే ఆమ్లమే. మూడవదాని పేరు వెన్నకు వాడే లాటిన్ మాట నుండి వచ్చింది. నిలవ ఉండి చెడిపోయిన వెన్నకు వచ్చే ఘాటైన వాసన ఈ ఆమ్లానిదే. వాసన ఎటువంటిదైనా, పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు బ్యూటిరేటే ముఖ్యమైన ఇంధనం. ఎముకల కథలోనూ దీని పేరు పదేపదే వస్తుంది.

సూక్ష్మజీవులు లేని చుంచెలుకలు

పేగులో బాక్టీరియా లేకపోతే ఏమౌతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు సూక్ష్మజీవరహితమైన చుంచెలుకలను పెంచుతారు. తొలితరం పిల్లలను తల్లి కడుపు కోసి తీసి, గాలి, నీరు, మేత అన్నీ క్రిమిరహితం చేసిన మూసిన గదులలో పెంచుతారు. వాటి సంతతి కూడా అక్కడే పుట్టి పెరుగుతుంది. వాటి పేగులలో ఒక్క బాక్టీరియా కూడా ఉండదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లారా స్యోగ్రెన్, క్లేస్ ఓల్సన్, వారి సహచరులు 2012లో ఇటువంటి చుంచెలుకల ఎముకలను మామూలు చుంచెలుకల ఎముకలతో పోల్చి చూశారు. బాక్టీరియా లేనివాటికే ఎముక ఎక్కువగా ఉంది. వాటి ఎముకలలో ఆస్టియోక్లాస్టులు తక్కువగా ఉన్నాయి. మజ్జలో టి-కణాలు అనే రక్షక కణాలూ, శోథను, అంటే వాపును, పుట్టించే టిఎన్ఎఫ్ అనే పదార్థమూ కూడా తక్కువగా ఉన్నాయి. అటువంటి చుంచెలుక పిల్లలకు మామూలు చుంచెలుకల పేగు బాక్టీరియాను ఎక్కించగా, ఎముక బరువు మామూలు స్థాయికి దిగివచ్చింది. పేగులోని జీవులకు దూరాన ఉన్న తొడ ఎముకతో పని ఉన్నదని ఈ ప్రయోగం స్పష్టంగా చూపింది.

అయితే బాక్టీరియా ఎముకకు శత్రువులని దీని అర్థమా? కాదు. అమెరికాలో జూలియా చార్లెస్ బృందం 2016లో ప్రచురించిన ప్రయోగంలో, పెద్ద వయసు చుంచెలుకలకు బాక్టీరియాను ఎక్కించిన కొత్తలో ఎముక తగ్గింది, కాని నెలలు గడిచేకొద్దీ ఎముక నిర్మాణం పుంజుకుంది. బాక్టీరియా చేరిన తరువాత ఎముక పెరుగుదలకు కావలసిన ఐజిఎఫ్-1 అనే హార్మోను రక్తంలో పెరగడమే దీనికి కారణమని వారు తేల్చారు. యాంటీబయాటిక్ మందులు ఇచ్చినప్పుడు ఆ హార్మోను తగ్గింది. పైన చెప్పిన చిన్న ఆమ్లాలను నీటిలో కలిపి ఇస్తే తిరిగి పెరిగింది. అదే సంవత్సరం ఫ్రాన్స్‌లోని లియాన్ నగర శాస్త్రవేత్తలు, తిండి చాలక గిడసబారే చుంచెలుక పిల్లలకు ల్యాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ జాతికి చెందిన ఒక రకాన్ని ఇస్తే అవి మెరుగ్గా ఎదిగాయని కనుగొన్నారు.

మరికొన్ని ప్రయోగశాలలలో, వేరే వంశాల చుంచెలుకలలో, బాక్టీరియా ఉన్నా లేకున్నా ఎముకలో తేడా కనబడలేదు. చుంచెలుక వంశం, ఆడా మగా అన్నది, వయసు, ఎక్కించిన బాక్టీరియా రకం, ఎంతకాలం తరువాత కొలిచారన్నది, ఇవన్నీ ఫలితాన్ని మారుస్తాయి. కాబట్టి ఈ విషయంలో ఏ ఒక్క ప్రయోగాన్నీ పట్టుకుని "బాక్టీరియా ఎముకకు మంచివి" అనిగాని "చెడ్డవి" అనిగాని చెప్పడం తొందరపాటు.

పేగు నుండి ఎముకకు దారులు

పేగులోని బాక్టీరియా ఎముక దాకా ప్రయాణం చేయవు. వాటి ప్రభావం మాత్రమే చేరుకుంటుంది. ఆ దారులలో ముఖ్యమైనది రోగనిరోధక వ్యవస్థ. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులు, రోగనిరోధక కణాలు రెండూ మజ్జలోని మూలకణాల నుండే పుడతాయి. ఆస్టియోక్లాస్టు తయారు కావడానికి ర్యాంక్-ఎల్ అనే సంకేత ప్రోటీను కావాలి. శోథ ఉన్నచోట టి-కణాలు ఈ సంకేతాన్నీ, దానికి బలం చేకూర్చే టిఎన్ఎఫ్ వంటి పదార్థాలనూ ఎక్కువగా విడుదల చేస్తాయి. పేగు గోడకు ఒక పక్క కోట్లకొలది బాక్టీరియా, మరొక పక్క శరీరంలోకెల్లా పెద్దదైన రక్షక కణాల దండు ఉంటాయి. మధ్యనున్న గోడ ఒక్క కణం మందం మాత్రమే. ఆ గోడ సందులు వదులైతే దండు ఉద్రేకపడుతుంది. దీర్ఘకాలం పేగువాపు వ్యాధులతో బాధపడేవారిలో ఎముకలు గుల్లబారడం తరచుగా కనబడటానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి.

ఇందుకు వ్యతిరేకంగా, రక్షక కణాలను శాంతపరచే రెగ్యులేటరీ టి-కణాలు అనేవి కూడా ఉన్నాయి. బ్యూటిరేట్ వీటి సంఖ్యను పెంచుతుంది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో రాబర్టో పసిఫిచీ బృందం 2018లో చుంచెలుకలపై చూపిన వరుస ఇది: ఒక ల్యాక్టోబాసిల్లస్ రకాన్ని తినిపిస్తే పేగులో బ్యూటిరేట్ పెరుగుతుంది, దానివలన మజ్జలో రెగ్యులేటరీ టి-కణాలు పెరుగుతాయి, అవి మరొక రకం టి-కణాల చేత ఎముక నిర్మాణాన్ని ప్రోత్సహించే ప్రోటీనును తయారు చేయిస్తాయి. ఇక్కడ గమనించదగ్గ సంగతి ఒకటి ఉంది. ల్యాక్టోబాసిల్లస్‌లు స్వయంగా బ్యూటిరేట్‌ను తయారుచేసే జీవులుగా పేరుపడినవి కావు. పేగులో ఉన్న ఇతర బాక్టీరియా చేత ఆ పని జరిగేలా చూస్తాయి. అంటే తినిపించిన బాక్టీరియా ఒక్కటే చాలదు, దానికి సహకరించే ఇరుగుపొరుగు కూడా ఉండాలి. ఒకే గుళిక ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

అదే ఏడాది జర్మనీలోని ఎర్లాంగెన్ నగర పరిశోధకులు, ప్రొపియొనేట్, బ్యూటిరేట్‌లను నేరుగా ఇచ్చినా, పీచు ఎక్కువగా ఉన్న మేత పెట్టినా చుంచెలుకలలో ఎముక కరగడం తగ్గిందని చూపారు. ఈ ఆమ్లాలు ఆస్టియోక్లాస్టుగా మారబోయే కణం శక్తిని వాడుకునే తీరునే మార్చి, దానిని మొదట్లోనే అడ్డుకుంటాయి.

రెండవ దారి కాల్షియం. ఆహారంలోని కాల్షియం ఎక్కువగా చిన్నపేగులోనే రక్తంలోకి చేరుతుంది. అక్కడ చేరని భాగం పెద్దపేగుకు పోతుంది. బాక్టీరియా తయారుచేసే ఆమ్లాల వలన అక్కడి ద్రవం పులుపెక్కి, గడ్డకట్టిన కాల్షియం లవణాలు కొంత కరిగి, మరికొంత కాల్షియం శరీరానికి అందుతుంది. ఇది పిల్లలలో నిరూపితమైంది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో సుమారు వందమంది కౌమారవయసు బాలబాలికలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. రోజుకు 8 గ్రాముల ఇనులిన్ రకం పీచును ఏడాదిపాటు తీసుకున్నవారు కాల్షియంను మెరుగ్గా గ్రహించారు. ఏడాది చివర వారి ఎముకలలో చేరిన ఖనిజం, ఆ పీచు తీసుకోనివారికంటే సగటున 35 గ్రాములు ఎక్కువ.

కె విటమిన్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఎముకలో ఖనిజాన్ని పట్టి ఉంచే కొన్ని ప్రోటీనులు పనిచేయాలంటే ఇది అవసరం. దీనిలోని కె2 రకాన్ని పేగు బాక్టీరియా తయారుచేస్తాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 2017లో చేసిన ప్రయోగంలో, పేగు బాక్టీరియా సముదాయం దెబ్బతిన్న చుంచెలుకల ఎముకలు వాటి పరిమాణాన్ని బట్టి ఊహించినదానికంటే బలహీనంగా ఉన్నాయి. అంటే ఎముక ఎంత ఉన్నదన్నదే కాక, అది ఎంత నాణ్యమైనదన్నది కూడా పేగు మీద ఆధారపడి ఉండవచ్చు. సాంద్రతను కొలిచే పరీక్షలో ఈ నాణ్యత కనబడదు.

డి విటమిన్ విషయంలో 567 మంది అమెరికన్ వృద్ధ పురుషులపై చేసి 2020లో ప్రచురించిన అధ్యయనం ఆసక్తికరమైనది. వైద్యులు మామూలుగా రక్తపరీక్షలో కొలిచేది డి విటమిన్ నిలవ రూపాన్ని. దానికీ పేగు బాక్టీరియాకూ సంబంధం కనబడలేదు. శరీరం వాడుకునే క్రియాశీల రూపం ఎక్కువగా ఉన్నవారి పేగులలో మాత్రం బ్యూటిరేట్ తయారుచేసే బాక్టీరియా ఎక్కువగా ఉన్నాయి. దేనివలన ఏది కలిగిందో ఇటువంటి అధ్యయనం తేల్చలేదు.

ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు

బహిష్టులు ఆగిన తరువాత ఎముక ఎందుకు కరుగుతుందన్న ప్రశ్నకు "ఈస్ట్రోజెన్ తగ్గడం వలన" అన్నదే చాలాకాలం సమాధానం. పసిఫిచీ బృందం 2016లో ఈ సమాధానానికి కొత్త మెలిక పెట్టింది. మందు ద్వారా ఆడ చుంచెలుకలలో ఈస్ట్రోజెన్ ఉత్పత్తిని ఆపివేస్తే మామూలు చుంచెలుకలు వెన్నుపూసల లోపలి స్పంజి వంటి ఎముకను కోల్పోయాయి. అదే మందు ఇచ్చినా, పేగులో బాక్టీరియా లేని చుంచెలుకలు దానిని కోల్పోలేదు. ఈస్ట్రోజెన్ లోపించడం వలన పేగు గోడ సందులు వదులై, బాక్టీరియా పదార్థాలు లోపలికి చొచ్చి, రక్షక కణాలు రెచ్చిపోవడం ఇందుకు మూలమని వారు వివరించారు. ల్యాక్టోబాసిల్లస్ ర్యామ్నోసస్ జిజి అనే ప్రోబయాటిక్‌ను వారానికి రెండుసార్లు ఇచ్చినప్పుడు ఆ నష్టం ఆగింది. పేగు గోడను బిగించే గుణంలేని బాక్టీరియాను ఇస్తే ఆగలేదు. పేగులో పుట్టిన టి-కణాలు మజ్జకు వలసపోయి అక్కడ ఎముక కరగడాన్ని పెంచుతాయని అదే బృందం 2021లో చూపింది.

ఇది చుంచెలుకలలో చాలా చక్కగా అమరిన కథ. స్త్రీలలో ఇది ఎంతవరకు నిజమో తెలియాలంటే పరీక్షలే శరణ్యం.

మందుల మీద ప్రభావం

ఆస్టియోపొరోసిస్‌కు వాడే మందులు ప్రధానంగా రెండు విధాలు. ఎముక కరగడాన్ని ఆపేవి ఒక విధం: అలెండ్రోనేట్ వంటి బిస్‌ఫాస్ఫొనేట్‌లు, ఆరు నెలలకొకసారి సూదిమందుగా ఇచ్చే డెనోసుమాబ్ ఈ కోవలోనివి. ఎముకను కట్టేవి రెండవ విధం: పారాథైరాయిడ్ హార్మోనులోని మొదటి 34 అమైనో ఆమ్లాలతో తయారైన టెరిపారటైడ్ వీటిలో ప్రసిద్ధమైనది. దీనికి అమెరికాలో 2002లో అనుమతి లభించింది. 2019లో అక్కడ అనుమతి పొందిన రోమోసోజుమాబ్ ఎముకను కడుతూ, కరగడాన్ని కూడా కొంత తగ్గిస్తుంది.

టెరిపారటైడ్ పనిచేయడానికి పేగు బాక్టీరియా సాయం కావాలని 2020లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. మామూలు చుంచెలుకలకు ఈ మందు ఇస్తే ఎముక పెరిగింది. యాంటీబయాటిక్‌లతో పేగును ఖాళీ చేసినవాటికి, పుట్టుకతోనే బాక్టీరియా లేనివాటికి అదే మందు ఇచ్చినా ఎముక పెరగలేదు. బ్యూటిరేట్‌ను కలిపి ఇస్తే మందు తిరిగి పనిచేసింది. ఈ మందు వాడేవారిలో కొందరికి ఎముక బాగా పెరగడం, కొందరికి అంతగా పెరగకపోవడం వైద్యులు ఎరిగినదే. ఆ తేడాకు పేగు బాక్టీరియా ఒక కారణమేమోనన్న ప్రశ్న దీనితో పుట్టింది. చుంచెలుకలకు ఇచ్చినంత మోతాదులో అనేకరకాల యాంటీబయాటిక్‌లను కలిపి వారాల తరబడి ఎవరూ వాడరు కనుక, మామూలు జ్వరానికి ఐదురోజులు మందు వాడినంతమాత్రాన చికిత్స వృధా అవుతుందని భయపడనవసరం లేదు.

కథకు రెండవ పక్క కూడా ఉంది. పారాథైరాయిడ్ హార్మోను రోజుకొకసారి కొద్దిసేపు పెరిగితే ఎముక కడుతుంది, ఎడతెగకుండా ఎక్కువగా ఉంటే ఎముకను కరిగిస్తుంది. ఈ కరిగించే పనికి కూడా పేగులోని కొన్ని బాక్టీరియా ఉండి తీరాలని అదే సంవత్సరం వెలువడిన మరొక చుంచెలుకల ప్రయోగంలో తేలింది.

ఉబ్బసం, కీళ్ళవాతం వంటి వ్యాధులకు నెలల తరబడి స్టీరాయిడ్ మాత్రలు వాడేవారికి ఎముకలు గుల్లబారడం అందరికీ తెలిసిన దుష్ఫలితం. అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో లారా మెక్‌కేబ్ బృందం చుంచెలుకలపై చేసిన ప్రయోగాలలో ఈ నష్టంలోనూ పేగు బాక్టీరియాకు, పేగు గోడకు పాత్ర ఉన్నట్లు కనబడింది. గ్యాస్ మాత్రలని మనవాళ్ళు ఏళ్ళ తరబడి వాడే ఒమెప్రజోల్ వంటి మందుల సంగతి వేరు. వాటిని దీర్ఘకాలం వాడినవారిలో తుంటి విరగడం కొంత ఎక్కువని 2006 నుండి అధ్యయనాలు వస్తున్నాయి. ఆ మందులు పేగు బాక్టీరియాను మారుస్తాయన్నదీ నిజమే. ఈ రెండిటికీ కార్యకారణ సంబంధం ఉన్నదని మాత్రం రుజువు కాలేదు.

మనుషులపై పరీక్షలు

ప్రోబయాటిక్‌లు ఎముకను కాపాడతాయా అన్న ప్రశ్నపై చెప్పుకోదగిన పరీక్షలు ఎక్కువగా స్వీడన్‌లోనే జరిగాయి. మొదటిది 2018లో వెలువడింది. ఎముక సాంద్రత తక్కువగా ఉన్న 75 నుండి 80 ఏళ్ళ స్త్రీలు 90 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ల్యాక్టోబాసిల్లస్ ర్యూటెరై 6475 అనే బాక్టీరియాను, మరొక గుంపుకు అదే రూపంలో ఉన్న ఉత్తిపొడిని ఏడాదిపాటు ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో పుచ్చుకునేవారికిగాని ఇచ్చేవారికిగాని తెలియదు. ఏడాది తరువాత ఉత్తిపొడి తీసుకున్నవారి మోకాలి క్రింది ఎముక సాంద్రత 1.85 శాతం తగ్గగా, బాక్టీరియా తీసుకున్నవారిలో 0.83 శాతం తగ్గింది. అంటే ఇద్దరికీ ఎముక తగ్గింది, రెండవవారికి తక్కువ తగ్గింది.

2019లో ఫలితాలు వెలువడిన రెండవ పరీక్షలో బహిష్టులు ఆగి కొద్దికాలమే అయిన 249 మంది స్త్రీలు పాల్గొన్నారు. మూడు ల్యాక్టోబాసిల్లస్ రకాల మిశ్రమాన్ని ఏడాదిపాటు తీసుకున్నవారిలో నడుము వెన్నుపూసల సాంద్రత తగ్గలేదు. ఉత్తిమందు తీసుకున్నవారిలో 0.72 శాతం తగ్గింది.

ఈ రెండు ఫలితాలూ పత్రికలలోకి ఎక్కాయి, గుళికల అమ్మకందార్లకు ప్రచారాంశమయ్యాయి. తరువాత జరిగిన సంగతికి అంత ప్రచారం రాలేదు. మొదటి పరీక్షలో వాడిన బాక్టీరియానే ఈసారి 50 నుండి 60 ఏళ్ళ స్త్రీలు 239 మందిపై, రెండు వేర్వేరు మోతాదులలో, రెండేళ్ళపాటు పరీక్షించారు. 2024లో ప్రచురితమైన ఈ ఫలితం ప్రకారం ఉత్తిమందుకూ బాక్టీరియాకూ ఎముక సాంద్రతలో తేడా లేదు. ఎక్కువ మందిపై, ఎక్కువకాలం జరిగిన పరీక్ష ఇది. వయసు వేరైనందున ఫలితం మారిందా, లేక మొదటి ఫలితం కాకతాళీయమా అన్నది ఇంకా తేలవలసి ఉంది. తమ ఆశకు అనుకూలించని ఫలితాన్ని కూడా అదే నగరపు పరిశోధకులు దాచకుండా ప్రచురించడం మెచ్చుకోదగినది.

మరొక ముఖ్యవిషయం. ఈ పరీక్షలన్నీ కొలిచినది ఎముక సాంద్రతను. ఎముకలు విరగడం తగ్గిందా అన్నది నిర్ణయించే శక్తి వీటికి లేదు. పోలికకు అలెండ్రోనేట్‌ను చూద్దాం. అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న 2,027 మంది స్త్రీలపై సుమారు మూడేళ్ళు జరిగి 1996లో ప్రచురితమైన పరీక్షలో, కొత్తగా వెన్నుపూస విరిగినవారు ఉత్తిమందు గుంపులో 15 శాతం, అలెండ్రోనేట్ గుంపులో 8 శాతం. తుంటి విరగడం కూడా 2.2 శాతం నుండి 1.1 శాతానికి, అంటే సగానికి, తగ్గింది. ప్రోబయాటిక్‌లకు ఇటువంటి రుజువు లేదు.

అందుచేత "సహజమైన వైద్యం" అన్న నమ్మకంతో మందులు ఆపివేసి గుళికలకు మారడం ప్రమాదకరం. డెనోసుమాబ్ వాడేవారు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ సూదిమందును బదులు మందేదీ లేకుండా ఆపివేస్తే, అంతకాలం అణగి ఉన్న ఆస్టియోక్లాస్టులు ఒక్కసారిగా విజృంభించి, కొందరిలో వెన్నుపూసలు ఒకటికి మించి విరిగిన సందర్భాలు ఉన్నాయి.

ప్రోబయాటిక్ కొనేవారు గమనించవలసిన చిన్న విషయం మరొకటి. ఒకే జాతిలోని వేర్వేరు రకాలు వేర్వేరుగా పనిచేస్తాయి. పరీక్షించినది 6475 అనే రకమైతే, సీసా మీద జాతి పేరు మాత్రమే ఉన్న మందుకు ఆ ఫలితం వర్తించదు. దీనికి తోడు 2020లో ల్యాక్టోబాసిల్లస్ ప్రజాతిని అనేక ప్రజాతులుగా విడగొట్టారు. ర్యూటెరై ఇప్పుడు లిమోసిల్యాక్టోబాసిల్లస్ ప్రజాతికి చెందుతుంది. పాత పేరు, కొత్త పేరు రెండూ వాడుకలో ఉన్నాయి.

ఆహారం

పేగు బాక్టీరియాకు మేత పీచుపదార్థం. పప్పుధాన్యాలు, చిరుధాన్యాలు, ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు దీనికి ఆధారాలు. ఎండబెట్టిన ప్రూన్ పండ్లపై అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం జరిపిన పరీక్ష 2022లో వెలువడింది. బహిష్టులు ఆగిన 235 మంది స్త్రీలలో రోజుకు 50 గ్రాముల ప్రూన్‌లు తిన్నవారి తుంటి ఎముక సాంద్రత ఏడాదిపాటు నిలిచి ఉండగా, తిననివారిలో తగ్గింది. రోజుకు 100 గ్రాములు తినవలసిన గుంపులో చాలామంది మధ్యలోనే మానుకున్నారు. ఏ ఆహారమైనా రోజూ తినగలిగితేనే కదా ప్రయోజనం.

సోయాలోని డైడ్‌జీన్ అనే పదార్థాన్ని కొందరి పేగు బాక్టీరియా ఈక్వాల్‌గా మారుస్తాయి. ఇది బలహీనమైన ఈస్ట్రోజెన్ వలె పనిచేస్తుంది. ఆ మార్పు చేయగల బాక్టీరియా అందరిలో ఉండవు. సోయా వలన ఎముకకు మేలు అని కొన్ని పరీక్షలు, లేదని కొన్ని పరీక్షలు చెప్పడానికి ఈ తేడా ఒక కారణమని భావిస్తున్నారు.

తెలుగువారికి సహజంగా కలిగే సందేహం పెరుగు గురించి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏయే బాక్టీరియా ఎంత మోతాదులో ఉంటాయన్నది ఇంటింటికీ మారుతుంది. పైన చెప్పిన పరీక్షలలో వాడిన రకాలు అందులో ఉంటాయన్న హామీ లేదు. కాని పాలలోని కాల్షియం, మాంసకృత్తులు పెరుగులోనూ మజ్జిగలోనూ ఉంటాయి, కాబట్టి ఎముకకు పెరుగు మేలు అన్నమాట బాక్టీరియాతో నిమిత్తం లేకుండానే నిలుస్తుంది. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో జీర్ణంకాని రూపానికి మారి పెద్దపేగు బాక్టీరియాకు మేత అవుతుంది. చద్దన్నం తింటే ఎముక గట్టిపడుతుందని మాత్రం దీనినిబట్టి చెప్పరాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మన ధాన్యాలలో ఇంత కాల్షియం ఉన్నది మరొకటి లేదు. రాగులలోని ఫైటేట్ అనే పదార్థం ఇందులో కొంత భాగాన్ని పట్టి ఉంచి శరీరానికి అందనివ్వదు. మొలకెత్తించడం, పులియబెట్టడం వలన ఫైటేట్ తగ్గుతుంది. రాగి అంబలిని పులియబెట్టే ఆచారం ఈ దృష్టితో చూస్తే ఉపయోగకరమైనదే. అదే సంస్థ 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 2010 నాటి సిఫారసు 600 మిల్లీగ్రాములు మాత్రమే. పేగులో ఎంత మంచి బాక్టీరియా ఉన్నా, తిండిలో లేని కాల్షియంను అవి సృష్టించలేవు.